తుంటి నొప్పికి నాడీ చికిత్సలు

తుంటి కీలు నుండి నొప్పి సంకేతాలను మోసే సన్నని నాడీ శాఖలను మందుతో మొద్దుబార్చడం లేదా వేడితో పనిచేయకుండా చేయడాన్ని '''నాడీ చికిత్స''' అంటారు. ఇది నొప్పికి మాత్రమే చికిత్స. అరిగిన కీలు అరిగినట్లే ఉంటుంది.

== కీలు, నాడులు ==
తుంటి కీలు ముందు భాగానికి ఫెమొరల్, ఆబ్ట్యురేటర్ నాడుల శాఖలు వస్తాయి. కొందరిలో అదనపు ఆబ్ట్యురేటర్ నాడి కూడా ఉంటుంది. వెనుక భాగానికి సయాటిక్ మొదలైన నాడుల శాఖలు అందుతాయి. నొప్పిని గ్రహించే నాడీ కొసలు కీలు తిత్తి ముందువైపునే అధికం కనుక చికిత్స ముఖ్యంగా అక్కడే చేస్తారు. తుంటి కీలు నొప్పి సాధారణంగా గజ్జలో, తొడ ముందు భాగంలో, ఒక్కోసారి మోకాలిలో తెలుస్తుంది. గొంతుకూర్చుని కలుపు తీయలేకపోవడం పల్లెల్లో తొలుత కనిపించే ఇబ్బంది. చాలామంది దీనిని కూడా నడుము నొప్పి అనే చెబుతారు.

== విధానం ==
మొదట అల్ట్రాసౌండ్ లేదా సి-ఆర్మ్ ఎక్స్-రే సాయంతో నాడి పక్కన మత్తుమందు ఎక్కించి చూస్తారు. కొన్ని గంటలపాటు నొప్పి బాగా తగ్గితేనే తరువాతి మెట్టు. రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతిలో సూది కొనను సుమారు 80 డిగ్రీల సెల్సియస్ వరకు ఒకటి, ఒకటిన్నర నిమిషం వేడి చేస్తారు. కాలిని కదిలించే ప్రధాన నాడిని తాకకూడదు. పక్కనే పెద్ద రక్తనాళాలు ఉండుటచేత ఇది అనుభవజ్ఞుల పని. నాడి మళ్ళీ పెరుగుతుంది కాబట్టి ఉపశమనం కొన్ని నెలలే. అవసరమైతే మళ్ళీ చేయవచ్చు. దీనిపై జరిగిన అధ్యయనాలు చాలావరకు చిన్నవి.

2018లో కెనడా వైద్యులు వివరించిన '''పెంగ్ బ్లాక్''' మొదట తుంటి ఎముక విరిగినవారి కోసం వచ్చినది. ఆ బృందంలో ఫిలిప్ పెంగ్ ఉన్నప్పటికీ, ఈ పేరు ఆంగ్ల పదాల తొలి అక్షరాల కూర్పు.

== రాయలసీమలో ==
కర్నూలు, కడప జిల్లాలలో కొన్ని గ్రామాల బోరు నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించి ఉంది. అటువంటి నీరు ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు బిరుసెక్కి, స్నాయువులు సున్నపు పేరుకొని, వెన్ను, తుంటి బిగుసుకుపోతాయి. (ఈ వ్యాధిని భారతదేశంలో మొదట 1937లో నెల్లూరు జిల్లా నుండే వివరించారు.) వెన్నులో నాడి నొక్కుకున్నా బాధ తుంటిలోనే తెలుస్తుంది, అప్పుడు తుంటి నాడిని కాల్చి ప్రయోజనం లేదు. పైన చెప్పిన పరీక్ష సూది విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఈ రెండు పట్టణాలలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు (కర్నూలు 1957, కడప 2006), వాటికి అనుబంధంగా బోధనాసుపత్రులు ఉన్నాయి. ఈ చికిత్సలను సాధారణంగా మత్తు వైద్యులలో నొప్పి నివారణలో శిక్షణ పొందినవారు చేస్తారు.

== ఎవరికి తగదు ==
తుంటి క్షయ, చీము, ఎముక విరుగుట, యువకులలో తొడ ఎముక తల చచ్చుబడుట వంటి వాటిని ముందుగా ఎక్స్-రే, అవసరమైతే ఎం.ఆర్.ఐ. ద్వారా పరిశీలించాలి. నొప్పి చల్లారితే రోగి మామూలుగా నడుస్తాడు, వ్యాధి లోపల ముదురుతుంది. కీలు మార్పిడి చేయదగినవారికి అదే ప్రధాన చికిత్స. గుండెజబ్బు వంటి కారణాల వలన శస్త్రచికిత్స తట్టుకోలేనివారికి నాడీ చికిత్స ఎక్కువ ఉపయోగపడుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి సూది వేయకముందే చెప్పాలి.