తీగతో కట్టిన జాడీ, తీగతో చేసిన దేవకన్య

ఈ ఎపిసోడ్ ఒక జాడీతో మొదలుపెడతాను.

మా అమ్మమ్మ వంటింట్లో ఉప్పు పోసుకునే జాడీ ఒకటి ఉండేది. దాని నడుము దగ్గర పెద్ద పగులు. అది విడిపోకుండా ఎవరో ఇనుప తీగ చుట్టి, మెలేసి బిగించారు. బీటెక్ సెలవుల్లో ఇల్లు సర్దుతూ దాన్ని చెత్తలో పడేసింది నేనే. "పగిలిందే కదా అమ్మమ్మా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ ఫోన్‌లో కూడా ఆ ఫొటో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. పచ్చటి తోటలో రెక్కలున్న ఒక ఫెయిరీ, అంటే మన భాషలో దేవకన్య లాంటిది. చేతిలో డాండెలైన్ పువ్వు. మన జిల్లేడు దూదిలాగే ఆ పువ్వు గింజలు కూడా గాలికి ఎగురుతాయి. పువ్వు ఎగిరిపోకుండా ఆ అమ్మాయి కాడ పట్టుకుని వెనక్కి ఒరిగి లాగుతూ ఉంటుంది. ఒళ్లంతా స్టీలు తీగే. ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్‌షైర్ అనే ప్రాంతంలో ట్రెంటమ్ గార్డెన్స్ ఉంది, ఈ బొమ్మలు అక్కడ ఉన్నాయి. చేసినాయన పేరు రాబిన్ వైట్. ఇప్పుడు అలాంటివి ఇంటి తోటల కోసం సొంతంగా చేసుకునేవాళ్లు చాలామంది.

చూడ్డానికి ఇదేదో సరదా పని. కానీ తీగతో బొమ్మలు చేసే పనికి వెనకాల పెద్ద చరిత్ర ఉంది. అందులో ఒక దారి పగిలిన కుండ దగ్గర మొదలవుతుంది.

యూరప్‌లో స్లొవాకియా. దాని వాయవ్యంలో కిసుత్సె అనే కొండ ప్రాంతం. అక్కడి నేల సారం లేనిది, పంట మీద బతకడం కష్టం. అందుకని మగవాళ్లు తీగ చుట్టలు, పట్టకారు వీపున వేసుకుని ఊళ్లు పట్టుకుని తిరిగేవారు. వెంట చిన్న పిల్లలు కూడా ఉండేవాళ్లు, పని నేర్చుకోవడానికి. పగిలిన మట్టి కుండ కనిపిస్తే చుట్టూ తీగతో వలలా అల్లి బిగించి ఇచ్చేవారు. ఎలుకల బోనులు, వంటింటి సామాన్లు చేసి అమ్మేవారు. అలా తిరుగుతూ రష్యా దాకా, అమెరికా దాకా వెళ్లారు. అతుకు పెట్టడం, వెల్డింగ్ ఏమీ ఉండదు. వంచడం, మెలేయడం, అల్లడం, అంతే.

తర్వాత ఎనామిల్ గిన్నెలు, ఫ్యాక్టరీ సామాన్లు చవగ్గా వచ్చేశాయి. కుండ పగిలితే బాగు చేయించుకోవాల్సిన పనే లేకుండా పోయింది. పని పోయింది, కానీ చేతిలో నేర్పు మిగిలింది కదా! ఆ నేర్పు బుట్టల్లోకి, పక్షుల్లోకి, మనుషుల బొమ్మల్లోకి మళ్లింది. 2019లో యునెస్కో ఈ తీగపనిని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. జిలినా ఊరి దగ్గర బుడాటిన్ కోటలో దీనికోసం మ్యూజియమే ఉంది.

ఇంకో మనిషి గురించి చెప్పాలి, ఈయన మన బాపతే. అలెగ్జాండర్ కాల్డర్, అమెరికన్, 1919లో మెకానికల్ ఇంజినీరింగ్ డిగ్రీ తీసుకున్నాడు. 1926లో పారిస్ వెళ్లి తీగ, గుడ్డ పీలికలు, బిరడాలతో బుల్లి సర్కస్ చేయడం మొదలుపెట్టాడు. అదే ఏడాది నర్తకి జోసఫిన్ బేకర్ బొమ్మని తీగతోనే చేశాడు. రాయి చెక్కలేదు, మట్టి పట్టలేదు. గాలిలో గీత గీసినట్టు ఒక మనిషిని నిలబెట్టాడు. అప్పటిదాకా మరమ్మతు సామాను అనుకున్న తీగ ఆర్ట్ గ్యాలరీలోకి వెళ్లింది.

మళ్లీ రాబిన్ వైట్ దగ్గరికి వద్దాం. ఆయన చెప్పే ప్రకారం ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో తెలుసా? కంచె బాగు చేస్తూ తీగ మెలేస్తుంటే! స్లొవాకియాలో కుండ, ఇంగ్లండ్‌లో కంచె. ఒకదానికి ఒకటి సంబంధం లేదు, కానీ రెండు చోట్లా మొదలు మరమ్మతే.

నేనూ ఒకటి ట్రై చేశాను. పద్ధతి సింపుల్. ఎముకలకి 16 గేజ్ తీగ, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం. కండకి దాని మీద చుట్టడానికి 22 గేజ్, 0.7 మిల్లీమీటర్లు. గేజ్ నంబర్ పెరిగితే తీగ సన్నబడుతుంది, గుర్తుంచుకోండి. ఒక కాలి తీగ పొడుగ్గా వదిలితే అదే నేలలో గుచ్చే మేకు అవుతుంది. స్లాబులకి వాడే మామూలు బైండింగ్ వైరు వానకి తుప్పు పడుతుంది, జింకు పూత ఉన్నది తీసుకోండి. తెగిన కొసలు కంటికి, వేళ్లకి ప్రమాదం, కళ్లద్దాలు పెట్టుకోండి.

నా ఫెయిరీ మోకాలు మూడుసార్లు విరిగింది. లోహాన్ని ఒకేచోట అటూ ఇటూ వంచితే అది గట్టిపడి, పెళుసై, పుటుక్కుమంటుంది. ఇంజినీరింగ్‌లో ఇది చదివి పరీక్ష కూడా రాశాను. వేళ్లకి మాత్రం ఇప్పుడే తెలిసింది.

అప్పుడు అర్థమైంది, జాడీకి ఆ తీగ బిగించిన మనిషికి ఎంత పని వచ్చో. పగులు మీద ఒత్తిడి పడాలి, తీగ తెగకూడదు, జాడీ ఇంకా పగలకూడదు. ఆ మనిషి ఎవరని అడగడానికి ఇప్పుడు అమ్మమ్మ లేదు.

అందుకే ఒక్క మాట. మీ ఇంట్లో తీగ చుట్టిందో, మాట్లు వేసిందో ఏదైనా పాత సామాను ఉంటే, పడేసే ముందు ఒక ఫొటో తీయండి. ఎవరు బాగు చేశారో పెద్దవాళ్లని ఇవాళే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.