కెమెరా ముందు బెరుకు ఎలా పోతుంది? రాయ్‌పూర్ దగ్గరి 'యూట్యూబర్ల ఊరు' ఏం చెబుతోంది?

రోజూ ఫోన్‌లో గలగలా మాట్లాడేవారు కూడా, అదే ఫోన్‌లో వీడియో రికార్డింగ్ మొదలవగానే తడబడతారు. గొంతు తడారిపోతుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఉద్యోగాల ఇంటర్వ్యూలు కూడా వీడియోలోకి మారిన ఈ రోజుల్లో ఈ బెరుకు చిన్న విషయమేమీ కాదు.

ఛత్తీస్‌గఢ్‌లోని రాయ్‌పూర్ జిల్లాలో తులసి అనే ఊరు ఉంది. సుమారు 4 వేల జనాభాలో దాదాపు వెయ్యి మంది వీడియోల పనిలో ఏదో ఒక పాత్ర పోషిస్తున్నారు. అందుకే దానికి 'యూట్యూబర్ల ఊరు' అన్న పేరొచ్చింది. అయితే మొదట్లో అక్కడివారికీ బిడియం తప్పలేదు.

రామలీలతో పోయిన సిగ్గు

ఈ ఊరికి చెందిన జై వర్మ, జ్ఞానేంద్ర శుక్లా అనే ఇద్దరు మిత్రులు 2018లో 'బీయింగ్ ఛత్తీస్‌గఢియా' అనే యూట్యూబ్ చానల్ ప్రారంభించారు. వర్మ పాఠాలు చెప్పేవారు. శుక్లా స్టేట్ బ్యాంక్‌లో నెట్‌వర్క్ ఇంజినీర్ ఉద్యోగం వదిలి వచ్చారు. నలుగురూ చూస్తుండగా నటించాలంటే మొదట్లో సిగ్గుపడేవాళ్లమని, ఊరి పెద్దల సలహాతో రామలీలలో వేషాలు వేశాక ఆ బిడియం పోయిందని శుక్లా మీడియాకు చెప్పారు.

చిన్నప్పుడు రామలీలలో రాముడి వేషం వేసిన ఈ ఊరి యువకుడు ఒకరు ఇప్పుడు ఛత్తీస్‌గఢీ సినిమాల్లో నటిస్తున్నారు. వ్యవసాయ కూలీ కుమార్తె ఒకరు ఇంట్లోవాళ్లు కాదన్నా రీల్స్ చేస్తూ సినిమా అవకాశం దాకా వెళ్లారు. 2023లో ప్రభుత్వం ఊళ్లోనే 'హమర్ ఫ్లిక్స్' పేరుతో స్టూడియో ఏర్పాటు చేసింది. 'హమర్' అంటే 'మన' అని అర్థం.

భయం ఎందుకు?

ఎదుటి మనిషి తల ఊపుతాడు, నవ్వుతాడు. దాన్నిబట్టి మన మాట సర్దుకుంటుంది. కెమెరా లెన్స్ నుంచి అలాంటి స్పందనేదీ రాదు. ఆ ఖాళీని మనసు అనుమానాలతో నింపుకుంటుంది.

పైగా, అందరూ మననే గమనిస్తున్నారని అనుకుంటాం. అమెరికాలో 2000లో వెలువడిన ఓ అధ్యయనంలో కొందరు విద్యార్థులకు ఇబ్బంది కలిగించే బొమ్మ ఉన్న టీషర్టులు తొడిగి గదిలోకి పంపారు. దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని వారు అనుకున్నారు. నిజంగా గమనించింది సుమారు నాలుగో వంతు మందే.

రికార్డయిన మన గొంతు మనకే నచ్చకపోవడానికీ కారణముంది. మాట్లాడేటప్పుడు మన గొంతు తల ఎముకల ద్వారా కూడా మనకు వినిపిస్తుంది. రికార్డింగ్‌లో అది ఉండదు. మనకు కొత్తగా తోచే ఆ గొంతే మిగతావారికి రోజూ వినిపించేది.

సొంత భాష, తెలిసిన మనుషులు

రాయ్‌పూర్‌లోనే పుట్టిన రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్‌కు (1923-2009) ఇలాంటి సమస్యే ఎదురైంది. 'నాచా' జానపద కళాకారులతో ఆయన హిందీలో నాటకాలు వేయించినప్పుడు, ఊళ్లో రాత్రంతా ఆడిపాడేవారు వేదికపై బిగుసుకుపోయారు. వారిని ఛత్తీస్‌గఢీలో మాట్లాడనిచ్చి, ఎక్కడ నిలబడాలి, ఎటు తిరగాలి అన్న కట్టుబాట్లను సడలించాక వారి సహజ నటన బయటికొచ్చింది. అలాంటి కళాకారులతో ఆయన రూపొందించిన 'చరణ్‌దాస్ చోర్' నాటకానికి 1982లో ఎడిన్‌బరోలో అవార్డు వచ్చింది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' వీడియోలు తీసిన శ్రీకాంత్ శ్రీరాం బృందం ముందు, తన యాసలో ఆమె ఎంతో సహజంగా మాట్లాడారు. అదే గంగవ్వ 2020లో బిగ్ బాస్ ఇంట్లో ఇమడలేక, ఆరోగ్యం సహకరించక మధ్యలోనే బయటికొచ్చారు. కెమెరా ఆమెకు కొత్త కాదు. మారింది చుట్టూ ఉన్న వాతావరణం. ధైర్యం మనిషిలోనే కాదు, ఆ మనిషిని నిలబెట్టిన చోటులోనూ ఉంటుందని ఈ అనుభవాలు చెబుతున్నాయి.

ఏం చేయొచ్చు?

• లెన్స్‌తో కాకుండా ఒక మనిషితో మాట్లాడండి. కెమెరా వెనక తెలిసినవారిని నిలబెట్టి, వారికి చెబుతున్నట్టు చెప్పండి.

• ఇంట్లో మాట్లాడే భాషలోనే మొదలుపెట్టండి. బట్టీ పట్టిన వాక్యం ఒక్క మాట మరిచినా ఆగిపోతుంది. మూడు ముఖ్యాంశాలు గుర్తుంచుకుంటే చాలు.

• వీడియో కాల్‌లో మీ ముఖం మీకే కనిపించే చిన్న కిటికీని దాచేయండి.

• మొదటి రెండు టేకులు గొంతు సవరించుకోవడానికే అనుకోండి.

• 'కంగారు పడకు' అని నచ్చజెప్పుకోవడం కంటే, 'ఉత్సాహంగా ఉన్నాను' అనుకోవడం మేలు. హార్వర్డ్‌లో చేసిన, 2014లో వెలువడిన ప్రయోగాల్లో అలా అనుకున్నవారే బాగా మాట్లాడారు. గుండె దడ ఉత్సాహంలోనూ ఉంటుంది కాబట్టి, దాన్ని అణచడం కంటే దాని పేరు మార్చడం తేలిక.

అయితే బిడియం పోయిన ప్రతివారికీ ఆదాయం వస్తుందన్న హామీ లేదు. ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ల అభ్యంతరం కెమెరా భయం కన్నా పెద్ద అడ్డంకి కావచ్చు. దాన్ని చిట్కాలతో దాటలేరు. పెద్దలే ముందుకొచ్చి 'వేషం వెయ్యి' అనడం తులసిలో కలిసొచ్చింది.