కేసు ఆమెది, గొంతు ఎవరిది?

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లినప్పుడు, పక్క లంక గ్రామం నుంచి వచ్చిన ఒకామె నన్నడిగింది. "కేసు నాది గదమ్మా, మరి నన్ను సాక్షంటారేంటి?" భర్త హింస మీద పెట్టిన 498-ఎ కేసది. తన తరఫున వాదించాల్సిన పీపీగారు, బోనెక్కేదాకా తనతో ఒక్క మాటా మాట్లాడలేదట. నేను సాహిత్యం చదువుకున్నదాన్ని, లా చదవలేదు. జవాబు కోసం చరిత్ర తిరగేయాల్సి వచ్చింది.

నేరమంటే రాజ్యం మీద జరిగినదని చట్టం భావన. అందుకే కేసు నడిపేది ప్రభుత్వం; దెబ్బలు తిన్నామె సాక్షి. ఆమె సొంత వకీలును పెట్టుకున్నా, అతను పీపీకి సాయం చేయగలడంతే. అంటే ఆ ఒక్క మనిషి చదువు మీద ఎందరో స్త్రీల బతుకులు ఆధారపడి ఉన్నాయి.

ఆ చదువు దగ్గరికి మనం తేలిగ్గా చేరలేదు. కొర్నేలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో బి.సి.ఎల్. పరీక్ష రాసింది. పట్టా చేతికొచ్చింది 1922లో. 1916లో రెజీనా గుహ లా పట్టాతో వెళితే, స్త్రీ అన్న కారణంతో కలకత్తా హైకోర్టు తలుపు మూసింది. 1923 చట్టంతో గానీ ఆ అడ్డు తొలగలేదు.

కోర్టులోకి వెళ్లాక? 1972లో మహారాష్ట్రలో పోలీసు స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మథుర కేసులో, ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి సమ్మతి ఉందంటూ 1978లో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేసింది. మర్నాడు కాదు, ఏడాది తర్వాత, 1979 సెప్టెంబరులో నలుగురు లా అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు: ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్. లొంగిపోవడం సమ్మతి కాదని వాళ్లు వాదించారు. స్త్రీల సంఘాలు ఆ లేఖను వీధిలోకి తెచ్చాయి. 1983లో అత్యాచార చట్టం మారింది. వరకట్న హత్యలపై ఉద్యమాల ఒత్తిడితో అదే ఏడాది 498-ఎ కూడా వచ్చింది. లంక గ్రామం ఆమె చేతిలోని సెక్షన్ వెనక ఇంత కథ ఉంది.

బాధితురాలి 'శీలాన్ని' తవ్వి ఆమె సాక్ష్యాన్ని కొట్టేసే వీలును 2002 సవరణ తీసేసింది. కానీ డిఫెన్సు వకీలు ఆ ప్రశ్న వేసిన క్షణంలో లేచి "అభ్యంతరం" అనాల్సింది పీపీయే. ఆ సవరణ ఎందుకొచ్చిందో తెలియని పీపీ కూర్చునే ఉంటారు.

పీపీ కావడానికి ఏడేళ్ల ప్రాక్టీసు కావాలి, ఎల్‌ఎల్‌ఎం అక్కర్లేదు. ఉద్యోగంలో ఉండి చదవాలంటే పీజీఎల్‌సెట్ రాయాలి, సెలవు దొరకాలి. మహిళా ప్రాసిక్యూటర్ అయితే కోర్టు ఫైళ్లకూ వంటింటికీ మధ్య పుస్తకానికి చోటు వెతుక్కోవాలి. 2024 జూలై 1 నుంచి నేర చట్టాలు మూడూ మారాయి. సెక్షన్ల కొత్త నంబర్లు ఒక్క రోజు శిక్షణలో వచ్చేస్తాయి. మథుర ఎవరో, సమ్మతి అంటే ఏమిటో రావాలంటే తీరిగ్గా చదవాలి, వాదించుకోవాలి. పట్టా ఒక్కటే మనసు మార్చదని తెలుసు. అయినా, జీతంతో కూడిన సెలవిచ్చి ప్రాసిక్యూటర్లను మళ్లీ తరగతికి పంపమని అడగడం మన ఉద్యమాల కోరికల జాబితాలో ఎందుకు లేదు?

పెద్దింట్లమ్మకు మొక్కుకునేటప్పుడు ఆమె తన గొంతుతోనే చెప్పుకుంటుంది. కోర్టులో ఆ గొంతు పీపీది. అదైనా చదువుకున్న గొంతు కావాలి.