మోటారు నుంచి పట్టా దాకా

ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లని మన బడిలో సైన్సు సారు చెప్పినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఊళ్లో ఆ మాట అందరికీ తెలిసిందే. ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలో వ్యవసాయ మోటార్లకు హార్స్ పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున స్లాబు ఉండేది. మా బావి మీది అయిదు హెచ్‌పీ మోటారుకు 250 రూపాయలు. ఎన్ని గంటలు నడిచినా అంతే. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు ఫైలుపై తొలి సంతకం చేశారు. ఆ బిల్లూ పోయింది.

ఈ రాయితీలో ఒక సుగుణం ఉంది. స్విచ్ ఎవరు వేస్తే కరెంటు వారికే. భూమి ఎవరి పేరున ఉందని మోటారు అడగదు. మా భూమి కౌలుకు చేసే మామకూ అది అందింది.

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. విత్తనాలకు, ఎరువులకు పెట్టుబడిగా ఎకరానికి పంటకు 4,000 రూపాయలు. మరుసటి ఏడాది 5,000 అయింది. వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఎందరో చిన్న రైతులు విత్తనాలు కొనుక్కున్నారు. అది చిన్న సంగతి కాదు. కానీ సాయానికి ఆధారం పట్టా. కౌలు రైతుకు ఇవ్వబోమని ప్రభుత్వం సూటిగానే చెప్పింది.

నాకు మూడెకరాలు. హైదరాబాద్ నుంచి కారులో వచ్చి 12,000 రూపాయల చెక్కు తీసుకున్నాను. మామ గట్టు మీద కూర్చొని అడిగాడు: "గీ పైసలు నాకు రావా అల్లుడా? యూరియా నేనే కొంటున్న గదా." నవ్వి ఊరుకున్నాను. రెండు పంటల పైసలు నా ఖాతాలోనే ఉన్నాయి. మూడో పంటకు అంత మేర కౌలు తగ్గించాను. కాగితం మాత్రం రాసివ్వలేదు.

ఆ భయం పాతది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులిచ్చింది. అప్పటి నుంచి కాగితం రాస్తే భూమి పోతుందని పట్టాదారుల అనుమానం. అందుకే ఊళ్లో కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. కాగితం లేని మామకు బ్యాంకు పంట అప్పు ఇవ్వదు. పంట పోతే నష్టపరిహారం కూడా పట్టా పేరునే వెతుక్కుంటూ వస్తుంది.

2025 జనవరి 26న రైతు భరోసా వచ్చింది. ఏడాదికి ఎకరానికి 12,000. అదీ పట్టాదారు ఖాతాకే పడింది.

మిత్రులారా, మన బ్యాచుల్లో చాలామందిమి పట్నంలో ఉంటూ ఊళ్లో పట్టా ఉన్నవాళ్లమే. ప్రభుత్వం చేసే దాకా ఆగనక్కర్లేదు. మన భూమి దున్నేది చాలాచోట్ల మనతో చదివి ఊళ్లోనే ఉండిపోయినవారే. ఈ వేడుకకు ఊరికి వచ్చినప్పుడు వాళ్ల గట్టు మీద కాసేపు కూర్చోండి. మామకు ఈసారి నేను కాగితం రాసిస్తున్నాను.