అరువు ఓడలతో మొదలైన సముద్ర పరిశోధన

మన ధర్మపురి జిల్లాకు సముద్రం లేదు. అయినా మన తెన్‌పెన్నై నది నీళ్లు కడలూరు దగ్గర బంగాళాఖాతంలోనే కలుస్తాయి. ఆ సముద్రం లోపల ఏముందో తెలుసుకునే పని తెలుగు గడ్డ మీద ఎట్లా మొదలైందో ఈ వ్యాసంలో చూద్దాం.

1872లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన ఛాలెంజర్ ఓడ సుమారు మూడున్నరేళ్లు సముద్రాలు తిరిగి పరిశోధన చేసింది. తాడుకు బరువు కట్టి దించి లోతు కొలిచేవాళ్లు. కానీ ఆ ఓడ బంగాళాఖాతంలోకి రాలేదు.

1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడ చదువుకునే విద్యార్థులున్నారు, ఎదురుగా సముద్రం ఉంది, పరిశోధన ఓడ మాత్రం లేదు. అప్పుడు భారత నౌకాదళం తన ఓడలను ఇచ్చి సాయం చేసింది. అంటే యుద్ధం కోసం కట్టిన ఓడల మీద మన పాఠం మొదలైంది.

ఆ రోజుల్లో వాడిన పరికరాలు చూడండి. ఒకటి, ప్రతిధ్వనితో లోతు కొలిచే యంత్రం. ఉప్పునీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. ఓడ నుంచి పంపిన శబ్దం అడుగున తగిలి రెండు సెకన్లకు తిరిగి వచ్చిందంటే లోతు 1,500 మీటర్లు. రెండోది బాతీథర్మోగ్రాఫ్. ఇది నీళ్లలో దిగుతూ, ఏ లోతులో ఎంత వేడి ఉందో చిన్న గాజు పలక మీద గీస్తుంది. మూడోది తలకిందులయ్యే సీసా. తీగ మీదుగా చిన్న లోహపు బరువు జార్చితే, అది తగిలి సీసా తిరగబడి మూసుకుంటుంది. కావలసిన లోతులోని నీళ్లు పైకి వస్తాయి.

తూర్పు తీరం దగ్గర సముద్రం అడుగున పెద్ద లోయలు బయటపడ్డాయి. వాటికి ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. మహదేవన్ అదే విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యులు.

1960లలో జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో మన నౌకాదళం ఓడ 'కిస్ట్నా' పాల్గొంది. అది మన కృష్ణా నది పేరే! 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. 1976లో ఒక బార్జిని మార్చి 'గవేషణి' ఓడను తయారుచేశారు. 1983లో జర్మనీలో కట్టిన 'సాగర్ కన్య' వచ్చింది.

ఇంత ఖర్చు పెట్టి లోతు కొలిస్తే ఏం లాభం అని అడగవచ్చు. 2004 డిసెంబరు 26న ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూకంపం వచ్చింది. సునామీ సుమారు తొమ్మిది గంటలకు నాగపట్నం తీరాన్ని తాకింది. మధ్యలో రెండు గంటలకు పైగా సమయం ఉన్నా, తీరంలోవాళ్లకు చెప్పే ఏర్పాటు లేదు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6,000 మందికి పైగా చనిపోయారు.

సునామీ వేగం నీటి లోతును బట్టి ఉంటుంది. 4,000 మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు పోతుంది, తీరం దగ్గర తగ్గుతుంది. కనుక లోతు తెలిస్తేనే అల ఏ ఊరికి ఎప్పుడు వస్తుందో లెక్క కట్టగలం. 2007లో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రం అడుగున పెట్టిన పరికరం నీటి ఒత్తిడిని కొలిచి, పైన తేలే బోయాకు చెబుతుంది. బోయా ఉపగ్రహం ద్వారా కేంద్రానికి చెబుతుంది. వాటిని నడిసముద్రంలో దించాలన్నా, బాగుచెయ్యాలన్నా పరిశోధన ఓడలే పోవాలి.

ఓడలు అలను ఆపలేవు. కానీ పరిగెత్తి మెట్టకు చేరుకునే సమయం ఇవ్వగలవు. విశాఖపట్నంలో అరువు ఓడల మీద ఓపికగా కొలతలు నేర్చుకున్నవాళ్లు ఈ పనికి పునాది వేశారు. సముద్రం లేని ఊళ్లో పుట్టినా, భౌతికశాస్త్రం, గణితం బాగా చదివితే మనలోనూ ఎవరైనా రేపు ఆ ఓడ ఎక్కవచ్చు.