సిడ్నీ–హోబార్టు పందెమున రేడియో పిలుపులు

ఆస్ట్రేలియాలో క్రిస్మసు పండుగ మరునాడు, అనగా డిసెంబరు 26వ తేదీ మధ్యాహ్నము ఒంటిగంటకు, సిడ్నీ రేవునుండి తెరచాప పడవలు పందెమునకు బయలుదేరుట ఆనవాయితీ. టాస్మేనియా ద్వీపమునందలి హోబార్టు నగరము వాని గమ్యము. దూరము 630 నాటికల్ మైళ్లు, ఇంచుమించు 1,170 కిలోమీటర్లు. నడుమ బాస్ జలసంధి కలదు. అచట సముద్రము లోతు తక్కువ. దక్షిణ మహాసముద్రపు గాలులు అందు ప్రవేశించినచో కెరటములు నిట్టనిలువుగా లేచును.

మొదటి పందెము 1945లో జరిగెను. పాల్గొన్నవి తొమ్మిది పడవలే. బ్రిటిషు నౌకాదళపు కెప్టెన్ జాన్ ఇల్లింగ్‌వర్త్ నడపిన ‘రాణీ’ యను చిన్న పడవ గాలివానలో కానరాకపోయెను. ఒడ్డునకు కబురంపు సాధనము దానియందు లేదు. విమానములు వెదకినవి, అది మునిగిపోయి యుండునని పలువురు తలచిరి. తీరా చూడగా ఆ ‘రాణీ’యే అందరికంటె ముందుగా, ఆరు దినముల పదునాలుగు గంటలకు, హోబార్టు చేరెను! పేరునుబట్టి మనవారికి అది మన పడవయే అనిపించినను ఆశ్చర్యము లేదు. ఆ తొమ్మిదింటిలో ‘విన్‌స్టన్ చర్చిల్’ అను కొయ్యపడవయు నొకటి.

పడవలకు రేడియో అమరిన పిమ్మట ఒక చక్కని పద్ధతి ఏర్పడెను. పందెమువెంట పోవు ఓడనుండి నిర్ణీత వేళలందు ఒక్కొక్క పడవ పేరును అక్షరక్రమమున పిలిచెడివారు. పడవవారు తమ అక్షాంశ రేఖాంశములను చెప్పెడివారు. బడిలో పంతులుగారు హాజరు పిలుచుటవంటిదే ఇదియు. పలుకని పేరును మరల పిలిచెడివారు. ఈ సంభాషణ హ్రస్వతరంగములపై సాగెడిది గనుక తగిన రేడియో గలవాడెవడైనను ఇంటనుండియే వినగలిగెడివాడు. సముద్రముపైనున్న వారి భార్యాబిడ్డలకు ఆ వేళలు భోజనవేళలకంటె ముఖ్యములై యుండెడివి.

అయితే వినుట అంత సులభము కాదు. హ్రస్వతరంగములు ఆకాశమున అయనావరణమను పొరను తాకి మరల భూమిపై పడును. ఆ పొర పగటియందొకరీతిగను రాత్రియందొకరీతిగను ఉండుటచే, వేయి మైళ్లనుండి స్పష్టముగా వచ్చిన కంఠము వంద మైళ్లనుండి రాకపోవచ్చును. ఓడలవారు వాడు పద్ధతిలోని మాటలు మామూలు రేడియోలో బాతు అరుపువలె వినిపించును. రేడియో సిలోన్ కొరకు రాత్రులందు ముల్లు త్రిప్పినవారికి ఈ గొడవ కొంత తెలియును. మరియొక చిక్కు కలదు. అనేక పడవలలో తెరచాప కొయ్యను పట్టియుంచు తీగయే రేడియోకు ఏరియల్. కొయ్య విరిగినచో ఏరియలు పోవును. అనగా మిక్కిలి ఆపదలోనున్న పడవయే మూగపోవును.

1998లో 115 పడవలు బయలుదేరినవి. పిలుపులు జరిపినది ‘యంగ్ ఎండెవర్’ అను ఓడ. పిలిచినవాడు లూ కార్టర్. తనకు తగిలిన గాలిని ప్రత్యర్థులకు చెప్పకుండుట పందెగాండ్ర అలవాటు. చెప్పినచో వారు దారి మార్చుకొని లాభపడుదురు గదా! డిసెంబరు 27వ తేదీ మధ్యాహ్నపు పిలుపులో ‘స్వార్డ్ ఆఫ్ ఒరయన్’ పడవవారు ఆ కట్టు విడిచిరి. గాలి డెబ్బది నాట్లను, అనగా గంటకు 130 కిలోమీటర్లను, మించుచున్నదని అందరికిని వినబడునట్లు తెలిపిరి. అది విని కొందరు వెనుకకు మరలిరి. ఆనాటి పలుకులన్నిటిలో విలువగలది అదియే. కాని చెప్పినవారిని అది కాపాడలేదు. అదే సాయంకాలము ఆ పడవ తలక్రిందులై బోర్లపడగా, ఒలింపిక్ పోటీలలో పాల్గొన్న గ్లిన్ చార్లెస్ అను బ్రిటిషు నావికుడు సముద్రమున కొట్టుకొనిపోయెను.

నాడు ‘విన్‌స్టన్ చర్చిల్’ కూడ మునిగెను. తెప్పలపై దిగిన తొమ్మండుగురిలో ముగ్గురు మరణించిరి. మొత్తము మృతులు ఆరుగురు. మునిగిన పడవలు ఐదు. రక్షింపబడినవారు 55 మంది. హోబార్టు చేరినవి 44 పడవలు మాత్రమే. ఆ రాత్రి హాజరులో పలుకని పేరు మునిగినదో, ఏరియలు పోయి తేలుచున్నదో వినువారికి తెలియు మార్గము లేదు. పిలిచిన పేరునకును తరువాతి పేరునకును నడుమనుండు ఆ కొద్ది నిశ్శబ్దమును ఇండ్లలోనివారు ఎట్లు సహించిరో ఊహించుట కష్టము.

ఈ దుర్ఘటనపై న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర కరోనరు జాన్ అబర్నెతీ విచారణ జరిపి 2000లో నివేదిక నొసగెను. పందెపు నిబంధనలు మారినవి. నలువది నాట్లను మించిన గాలి తగిలిన పడవ ఆ సంగతిని తక్కినవారికి తెలుపవలెనను నియమము వచ్చెను. బాస్ జలసంధిలో అడుగిడుటకు ముందు గ్రీన్ కేప్ వద్ద, పడవయు మనుష్యులును సాగిపోవుటకు తగియున్నారని నాయకుడు రేడియోలో నోరార చెప్పవలెనను నియమమును ఏర్పడెను.