ఊరి నాయకుడికి విజ్ఞాన సర్వస్వంలో చోటుందా?

సంక్రాంతికి రాయల్పాడు వెళ్లినప్పుడు మా పెదనాయన మనవడు ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందర పెట్టాడు. "చిన్నాయనా, నువ్వు బ్యాంకులో ఇన్నేండ్లుగా కాగితాలు చూస్తా ఉండావు. తాత పేరు వికీపీడియాలో ఎక్కించల్ల. ఎట్ల రాయాలో చెప్పు" అన్నాడు. ఆ పెదనాయన 1987లో మా మండల పంచాయతీకి ప్రధాన అయినవాడు. ఇప్పుడు లేడు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన పేరు చెబితే ఈనాటికీ కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తారు.

నేను బి.కాం. చదివినవాణ్ణి, చరిత్రకారుణ్ణి కాను. కానీ ఒక అర్జీ ముందుకు వస్తే దాన్ని మంజూరు చేయవచ్చునా లేదా అని చూడటం నా ఉద్యోగం. ఆ కట్టనూ అలాగే చూశాను.

ముందు నియమం ఏమిటో తెలుసుకోవాలి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు. అయితే ఎవరి గురించైనా రాయవచ్చు అని అర్థం కాదు. రాజకీయ నాయకుల విషయంలో ఇంగ్లీషు వికీపీడియా పెట్టుకున్న కట్టుబాటు స్థూలంగా ఇది: పార్లమెంటులోనో రాష్ట్ర శాసనసభలోనో సభ్యుడైతే అర్హత ఉన్నట్టే భావిస్తారు. స్థానిక సంస్థల్లో గెలిచినంత మాత్రాన, ఎన్నికల్లో నిలబడినంత మాత్రాన అర్హత రాదు. ఆ మనిషితో సంబంధం లేని వాళ్లు, నమ్మదగిన చోట, ఆయన గురించి విపులంగా రాసి ఉండాలి. అర్జీదారు తన ఆస్తి గురించి తాను చెప్పుకున్నది మేము లెక్కలోకి తీసుకోము గదా, ఇదీ అంతే.

కాగితం మీద అచ్చయ్యే విజ్ఞాన సర్వస్వానికి చోటు కరువు. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము ఆరంభిస్తే అకారంతోనే మూడు సంపుటాలు నిండాయి. 1923లో ఆయన పోయేనాటికి పని ముందుకు సాగలేదు. కంప్యూటర్లో ఆ ఇబ్బంది లేదు, పుటలు ఎన్నైనా పెట్టవచ్చు. మరి ఈ వడపోత ఎందుకు? రాసింది నిజమో కాదో మూడోవాడు సరిచూసుకోగలగాలి, అందుకు. కరువు చోటుకు కాదు, సాక్ష్యానికి.

ఈ కొలబద్దతో మన కోలారు జిల్లాను చూద్దాం. క్యాసంబళ్లి చెంగలరాయరెడ్డి గారు 1902లో పుట్టారు. మైసూరు ప్రజాపక్షం కట్టినవారిలో ఒకరు. 1947లో బాధ్యతాయుత ప్రభుత్వం కోసం 'మైసూరు చలో' ఉద్యమం నడిచిన తర్వాత, అక్టోబరు 25న మైసూరుకు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1952 దాకా ఆ పదవిలో ఉన్నారు. తర్వాత కేంద్రమంత్రి, మధ్యప్రదేశ్ గవర్నరు. 1976లో కన్నుమూశారు. ఆయన అర్హతను ప్రశ్నించేవాడు ఉండడు.

ఒక మెట్టు దిగితే మా శ్రీనివాసపురం నియోజకవర్గం. 1985 నుంచి 2013 దాకా ఒకసారి కె.ఆర్. రమేశ్ కుమార్ గెలిస్తే మరుసటిసారి జి.కె. వెంకటశివారెడ్డి గెలవడం ఆనవాయితీ. 2018లో రమేశ్ కుమార్ వరసగా రెండోసారి గెలిచి ఆ ఆనవాయితీ తప్పించారు. 2023లో మళ్లీ వెంకటశివారెడ్డి గెలిచారు. రమేశ్ కుమార్ 1994లో ఒకసారి, 2018లో ఒకసారి సభాపతి అయ్యారు. 2019 జులైలో పదిహేడు మంది శాసనసభ్యులను అనర్హులుగా ప్రకటించింది ఆయనే. వీళ్లిద్దరినీ ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, పడనివాళ్లూ ఉన్నారు. ఇద్దరి పుటలకూ అర్హత ఉంది. అర్హత అంటే మంచితనానికి ఇచ్చే యోగ్యతాపత్రం కాదని ఇక్కడే గ్రహించాలి.

ఇంకో మెట్టు దిగితే మా పెదనాయన. కర్ణాటకలో 1983 నాటి చట్టం ప్రకారం జిల్లా పరిషత్తులకూ మండల పంచాయతీలకూ 1987 జనవరిలో ఎన్నికలు జరిగాయి. స్త్రీలకు నాలుగోవంతు స్థానాలు కేటాయించారు. దేశమంతటికీ వర్తించిన 73వ రాజ్యాంగ సవరణకు అయిదారేండ్ల ముందటి మాట ఇది. ఆ చట్టానికి ప్రాణం పోసిన మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్. పల్లెపల్లెకూ బోరుబావులు వేయించినందుకు జనం ఆయన్ని 'నీర్ సాబ్' అన్నారు. జీవనదులు లేని కోలారు జిల్లాలో ఆ పేరు ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు. 1993లో కొత్త చట్టం వచ్చి మండల పంచాయతీలు పోయాయి, గ్రామ పంచాయతీలు వచ్చాయి. అంటే మా పెదనాయన కూర్చున్న కుర్చీయే ఈనాడు లేదు.

కట్టలో ఏముంది? గెలిచినప్పుడు తీసిన ఫోటో ఒకటి. సన్మానపత్రం ఒకటి, అది రాయించింది మా బంధువులే. బోరుబావి ప్రారంభోత్సవానికి అచ్చువేసిన కన్నడ ఆహ్వానపత్రిక ఒకటి. ఎన్నిక ఫలితం వచ్చిన కన్నడ పత్రిక ముక్క ఒకటి, అందులో ఆయన పేరు ఒకే ఒక్క వరుసలో ఉంది. అంతే.

"దీనికి పుట రాదు నాయనా" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. "తాత వేయించిన బోరు నీళ్లు నువ్వూ తాగినావు గదా చిన్నాయనా" అన్నాడు. తాగాను. అందుకే నేను ఆ పుట రాయకూడదు. సొంత మనిషికి అప్పు మంజూరు చేసే అధికారం బ్యాంకులో ఏ అధికారికీ లేదు. ఆ నియమం న్యాయమైనదే. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర సరిగా పట్టలేదు.

తెల్లవారి విదురాశ్వత్థం గుర్తుకు వచ్చింది. 1938 ఏప్రిల్ 25న అక్కడ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఊరు అప్పుడు మన కోలారు జిల్లాలోనే ఉండేది, 2007లో చిక్కబళ్లాపురం జిల్లాకు పోయింది. చనిపోయినవాళ్లెందరో ప్రభుత్వం చెప్పిన లెక్క వేరు, జనం చెప్పే లెక్క వేరు. వేపా రామేశం గారి అధ్యక్షతన విచారణ సంఘం కూర్చుంది. అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న ఒక్కొక్కరికీ ఒక్కొక్క పుట లేదు. ఉండనక్కరలేదు కూడా. ఆ ఘటనకు చరిత్రలో చోటుంది, అందులో వాళ్లకు చోటుంది.

మా పెదనాయనకూ దారి ఇదేననిపించింది. ఆయనకు వేరే పుట వద్దు. మా ఊరి పుటలో, మండల పంచాయతీల కాలం గురించి రాసేచోట, సాక్ష్యంతో కూడిన ఒక్క వాక్యం చాలు. ఆధారం లేని పుట ఒకరోజు ఎవరో ఒకరు తీసేస్తారు. ఆధారం ఉన్న వాక్యం నిలుస్తుంది.

అయితే ఆ ఆధారం ఎక్కడుంది? మనం ఇంట్లో మాట్లాడేది తెలుగు. మన బడి, పంచాయతీ తీర్మానాల పుస్తకం, బోరు పక్కన నాటిన రాయి, జిల్లా పత్రిక, అన్నీ కన్నడం. ఆధారం ఏ భాషలో ఉన్నా తెలుగు వికీపీడియాకు అభ్యంతరం లేదు. కానీ హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవారు ఆ కన్నడ పత్రిక ముక్కను చదవలేరు. బెంగళూరువారికి మా ఊరి తెలుగు ముచ్చట అక్కరలేదు. రెండు లిపులూ తెలిసింది మనకే. ఈ పని మనం చేయకపోతే చేసేవాళ్లు లేరు.

మరుసటి రోజు నేనూ వాడూ కలిసి పంచాయతీ కచేరికి నడిచాము. పాత తీర్మానాల పుస్తకాలు చూడాలని తెల్లకాగితం మీద కన్నడంలో అర్జీ రాసి ఇచ్చాము. బోరు దగ్గర ఆగి, రాతి మీద పట్టిన నాచు గీకి, తేదీ ఫోటో తీసుకున్నాడు వాడు. పాఠకుల ఊళ్లలోనూ ఇలాంటి రాళ్లు ఉంటాయి. అక్షరాలు అరిగిపోకముందే ఒకసారి చూసి రండి.